పెట్రోలు ముల్లు తప్పు చూపిస్తోందా? మీటరు మార్చే ముందు ఇవి చూడండి

మే నెల, మిట్టమధ్యాహ్నం. కర్నూలు నుంచి అనంతపురం వస్తున్నాం. గుత్తి దాటాం, పామిడి ఇంకా రాలేదు. కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. చూస్తే ముల్లు పావు ట్యాంకు దగ్గర నింపాదిగా నిలబడి ఉంది. వెనక సీట్లోంచి మా మామ, "ముల్లు పావులో ఉండాది కదప్పా, పెట్రోలు యాడికి పోయింది?" అన్నాడు. ట్యాంకులో చుక్క లేదు. ఆ ఎండలో లారీ ఎక్కి, ఇనుప డబ్బా పట్టుకుని బంకుకు పోయి రావడానికి గంటన్నర పట్టింది.

మర్నాడు ఒక షెడ్డుకు తీసుకెళ్తే, "మీటరు పోయింది సార్" అని డ్యాష్‌బోర్డు విప్పి మీటరు బోర్డు మొత్తం మార్చారు. వారానికి మళ్లీ అదే కథ. కారు అంతకు ముందు ఆరు నెలలు పెరట్లో కదలకుండా ఉంది. ట్యాంకు లోపల ఫ్లోటు చేయి ఇరుసు దగ్గర పాత పెట్రోలు జిగటలా గట్టిపడి, చేయి పావు దగ్గరే ఇరుక్కుపోయింది. దూదితో తుడిస్తే బాగైంది. ఒక్క కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) ఊడదీసి చూసుంటే కొత్త మీటరు బోర్డు ఖర్చు మిగిలేది.

అప్పటి నుంచి తెలిసినవాళ్లు నన్ను అడిగేది ఇదే: "అన్నా, ముల్లు పని చేయడం లేదు, మీటరు ఎక్కడ దొరుకుతుంది?" మీటరు సంగతి చివర్లో చూద్దాం. నేను చూసిన బండ్లలో ఎక్కువ వాటికి తప్పు ట్యాంకు దగ్గరో, దాని ఎర్త్ వైరులోనో (కరెంటు తిరిగి బండి బాడీకి పోయే వైరు) ఉంది. అందుకే ఈ పరీక్షలు ఖర్చు లేనివి ముందు, ట్యాంకు తెరిచేవి తర్వాత వచ్చేలా రాశాను. ఈ వరుస తప్పొద్దు.

ఇది ఎలా పని చేస్తుందో నాలుగు ముక్కల్లో

ట్యాంకులో ఒక ఫ్లోటు పెట్రోలు మీద తేలుతుంది. దాని చేయి పైకీ కిందికీ కదిలినప్పుడు చివరనున్న చిన్న రాగి వేలు ఒక పట్టీ మీద జరుగుతుంది. ఆ పట్టీ మీద వేలు ఎక్కడుందో దాన్ని బట్టి కరెంటుకు అడ్డు, అంటే ఓమ్‌లు, మారుతుంది. మీటరు చదివేది ఆ ఓమ్‌లనే. మన దగ్గర తిరిగే చాలా కార్లలో ట్యాంకు నిండితే ఓమ్‌లు తక్కువ, ఖాళీ అయితే ఎక్కువ. కొన్నిటిలో ఇది తిరగబడి ఉంటుంది. మీది ఏ రకమో నాలుగో మెట్టులో తెలిసిపోతుంది. ఈ మొత్తాన్ని షెడ్డుల్లో 'ట్యాంకు యూనిట్' అంటారు, నేనూ అదే మాట వాడతాను.

దగ్గర పెట్టుకోవాల్సినవి

వోల్టులు, ఓమ్‌లు కొలిచే మల్టీమీటర్ ఒకటి. నాలుగైదు వందల రూపాయల మామూలుది చాలు. ఎలక్ట్రానిక్స్ కొట్లో 10 ఓమ్‌లు, 47 ఓమ్‌లు, 100 ఓమ్‌ల రెసిస్టర్లు ఒక్కొక్కటి, 2 వాట్ల రకం అడిగి తీసుకోండి. రేడియోలకు వాడే చిన్న పావు వాటువి వద్దు, కాలిపోతాయి. రెండు మూడు మూరల వైరు, మొసలి క్లిప్పులు, స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, దూది పుల్లలు, పెన్సిల్ రబ్బరు, పెయింటు బ్రష్షు. ట్యాంకు తెరిచే పని పడితే మీ బండికి సరిపోయే కొత్త గ్యాస్కెట్ (ట్యాంకు యూనిట్ తల కింద కారకుండా వేసే రబ్బరు), చేతి గ్లవుజులు, పక్కన పొడి రకం అగ్నిమాపక సిలిండర్. పెట్రోలు మంట మీద నీళ్లు చల్లితే మంట ఇంకా పరుచుకుంటుంది కాబట్టి బకెట్ నీళ్లు దీనికి బదులు కావు. సిలిండర్ లేకపోతే ట్యాంకు తెరవొద్దు. ఆరో మెట్టు దాకా చేసుకుని ఆపేయండి.

బండి ఇంకా వారంటీలో ఉంటే ఇవేవీ చేయకుండా షోరూముకే తీసుకెళ్లండి.

1. ముందు అది నిజంగా లోపమేనా చూడండి

ముల్లు నెమ్మదిగా కదలడం లోపం కాదు. బండి ఊగిన ప్రతిసారీ ముల్లు ఎగరకూడదని దాన్ని కావాలనే నిదానంగా చేస్తారు. ఫుల్ ట్యాంకు కొట్టించాక చాలాసేపు ముల్లు ఎఫ్ (ఫుల్) మీంచి కదలకపోవడం కూడా మామూలే. ట్యాంకు పూర్తిగా నిండకముందే ఫ్లోటు పై అంచుకు తగిలి ఆగిపోతుంది, ఆ పైన పోసిన పెట్రోలు ఖర్చయ్యేదాకా ముల్లుకు పని ఉండదు. వాలు మీద నిలిపినప్పుడు తేడా రావడమూ అంతే. కడప నుంచి రాయచోటి పోతూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు ముల్లు ఒక గీత పడిపోయి, పైకెక్కి పాలకోవా కొనే చోట బండి ఆపితే మళ్లీ లేస్తుంది. దాన్ని ఎవరూ బాగు చేయలేరు.

ఇంకొకటి: "అయిదు వందలకు కొట్టించినా ముల్లు లేవలేదు, బంకువాడు మోసం చేశాడు" అంటుంటారు. అనుమానం ఉంటే బంకులోనే తేల్చుకోండి. ప్రతి బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలత పాత్ర ఉండాలి. అడిగితే దాంట్లో పోసి చూపించాలి. కొలత సరిగ్గా ఉంటే తప్పు మీ బండిదే.

ఇక నిజమైన లోపాల గుర్తులు. కింది నాలుగింటిలో మీది ఏదో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఎంత పోసినా ముల్లు ఇ (ఎంప్టీ, అంటే ఖాళీ) దగ్గరే ఉంటే: కప్లర్ ఊడిపోవడం, వైరు తెగడం, ఎర్త్ పోవడం, ఫ్లోటుకు చిల్లి పడి మునిగిపోవడం.

ఎప్పుడూ ఎఫ్ మీదే ఉంటే: వైరు పైతొక్క పోయి బాడీకి తగలడం, లేదా ఫ్లోటు పైన ఇరుక్కోవడం.

ఒక చోటికి రాగానే వణికినా, సగం నుంచి ఒక్కసారిగా ఇ దగ్గరకు దూకినా: పట్టీ ఆ చోట అరిగిపోయింది. రోజూ రెండు మూడు వందల పెట్రోలుతో నెట్టుకొచ్చే బండ్లలో పట్టీ కింది భాగమే అరగడం చాలాసార్లు చూశాను.

తాళం తిప్పినప్పుడు ఒక చోట, ఇంజన్ స్టార్ట్ కాగానే ఇంకో చోట ఉంటే: ఎర్త్‌ను అనుమానించండి. ఇంజక్షన్ బండ్లలో (కార్బొరేటర్ లేనివి) ట్యాంకు లోపలి పెట్రోలు పంపు, ట్యాంకు యూనిట్ చాలావరకు ఒకే ఎర్త్ మీద ఉంటాయి. ఆ ఎర్త్ బలహీనంగా ఉంటే పంపు తిరగగానే ముల్లు కదులుతుంది.

2. పక్క మీటర్లు, ఫ్యూజు

ఇంజన్ వేడి చూపే ముల్లు కూడా ఇదే రోజు నుంచి పిచ్చిగా ఉందా? ఉంటే ట్యాంకు జోలికి పోకండి. రెండూ ఒకేసారి చెడ్డాయంటే తప్పు రెండింటికీ కరెంటు ఇచ్చే చోట ఉంది: మీటర్ల ఫ్యూజు, మీటరు బోర్డు ఎర్త్, పాత బండ్లలోనైతే మీటర్ల వెనకుండే చిన్న వోల్టేజ్ స్టెబిలైజర్. ఫ్యూజును కంటితో చూసి బాగుందని పెట్టేయొద్దు, మల్టీమీటర్‌తో చూడండి. వెంట్రుకంత తెగినది కంటికి కనపడదు.

3. వెనక సీటు ఎత్తి చూడండి

చాలా చిన్న కార్లలో వెనక సీటు కుషన్ పైకి లాగితే ఊడి వస్తుంది, కొన్నిటికి ముందు అంచున బోల్టులుంటాయి. కింద రేకు మీద గుండ్రటి మూత, దానికి నాలుగు స్క్రూలు. ఆ మూత కింద ట్యాంకు యూనిట్ తల, దాని కప్లర్ కనిపిస్తాయి. కొన్ని బండ్లకు ఈ మూత ఉండదు, కప్లర్ కిందనుంచి గానీ డిక్కీ పక్కనుంచి గానీ అందుతుంది. యూనిట్ బయటికి తీయాలంటే ట్యాంకే దించాలి. 35 లీటర్ల ట్యాంకు నిండా ఉంటే ఒక్క పెట్రోలే 26 కిలోల దాకా తూగుతుంది. ఇంటి దగ్గర జాకీ మీద నిలబెట్టి చేసే పని కాదది, పరీక్షలు మాత్రం మీరు చేసుకుని దించే పని షెడ్డుకు వదిలేయండి.

మూత తీయగానే ముందు కళ్లతో వెతకండి. ఎలుకలు వైర్లు కొరికాయా? మన వైపు ఇది నవ్వే మాట కాదు. ఊరినుంచి శెనక్కాయల మూట తెచ్చి వెనక సీట్లో రెండు రోజులు మరిచిపోయిన మిత్రుడికి ముల్లుతో పాటు పంపు కూడా ఆగిపోయింది, రెండు వైర్లూ ఎలుకే కొరికింది. కప్లర్ పిన్నుల మీద పచ్చటి తుప్పు ఉందా? కప్లర్ పూర్తిగా లోపలికి పోయిందా? గ్యాస్ కిట్ పెట్టించిన బండైతే కిట్టువాళ్లు ఇక్కడి వైర్లకు అతుకులు వేసి టేపు చుట్టి ఉంటారు, ఆ అతుకులను మెల్లగా లాగి చూడండి.

ఈ మూత దగ్గరే పెట్రోలు వాసన ఘాటుగా వస్తుంటే పరీక్షలు ఆపండి. ముల్లు సంగతి తర్వాత, ముందు ఆ కారడం చూపించుకోవాలి.

4. కప్లర్ పరీక్ష

మొత్తం పనిలో అన్నిటికంటే విలువైన అయిదు నిమిషాలు ఇవి. మీటరా, ట్యాంకా అన్నది ఇక్కడ తేలుతుంది.

తాళం ఆఫ్ చేసి కప్లర్ ఊడదీయండి. అప్పుడు తాళం ఆన్ చేయండి, ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. అరనిమిషం ఆగి ముల్లు చూడండి. ఎక్కువ బండ్లలో ముల్లు ఇ దగ్గరికి పడిపోవాలి. మీ బండిలో అది ఎఫ్ వైపు లేస్తే మీది తిరగబడిన రకం, కింద చెప్పేవన్నీ తలకిందులుగా చదువుకోండి.

తర్వాత మీటరు వైరు ఏదో గుర్తించాలి. ఇంజక్షన్ బండి కప్లర్‌లో సాధారణంగా నాలుగు వైర్లుంటాయి: రెండు లావువి పంపువి, రెండు సన్నవి మీటరువి. రంగులు బండి బండికీ మారతాయి కాబట్టి రంగు నమ్మొద్దు. మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి, నల్ల వైరు శుభ్రమైన బాడీ బోల్టుకు తగిలించి, ఎర్ర వైరుతో బండి వైపు ఉన్న ఒక్కో పిన్ను చూడండి. తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు 12 వోల్టులు చూపి పోయేది పంపు వైరు. ఏదో ఒక వోల్టేజ్ నిలకడగా చూపేది మీటరు వైరు. ఏమీ చూపనిది ఎర్త్. పంపు వైరుకు పొరపాటున కూడా రెసిస్టర్ తగిలించకండి, చేతిలోనే కాలుతుంది.

ఇప్పుడు 10 ఓమ్‌ల రెసిస్టర్‌ను మీటరు వైరుకు ఒక వైపు, బాడీ బోల్టుకు ఇంకో వైపు క్లిప్పులతో పెట్టండి. వేళ్లతో పట్టుకోకండి, వేడెక్కుతుంది. ముల్లు ఎఫ్ వైపు లేవాలి. 47 ఓమ్‌లకు మధ్యలో ఎక్కడో, 100 ఓమ్‌లకు కింది భాగంలో ఆగాలి. గీత మీదే సరిగ్గా నిలబడాలని లేదు, క్రమంగా దిగుతూ రావాలి, అంతే. కొన్ని కొత్త బండ్లలో మీటరు పాత లెక్కనే గుర్తుంచుకుంటుంది, అందుకే రెసిస్టర్ మార్చిన ప్రతిసారీ తాళం ఆఫ్ చేసి ఆన్ చేయండి.

మారుతి 800 లాంటి పాత బండ్ల మెకానిక్కులు ఈ పరీక్షకు రెసిస్టర్ బదులు 12 వోల్టుల 3.4 వాట్ల చిన్న బల్బు వాడతారు. బల్బు వెలిగి, కొన్ని సెకన్లకు ముల్లు కదిలితే మీటరు మంచిదే. పాత ముల్లు మీటర్లకు ఆ పద్ధతి బాగుంటుంది, ఎలక్ట్రానిక్ మీటర్లకు రెసిస్టరే వాడండి. వైరును నేరుగా బాడీకి ముట్టించి చూసే అలవాటు చాలామందికి ఉంది. క్షణం ముట్టిస్తే కొన్ని మీటర్లు తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోవు. మీది ఏదో పందెం కాయడం ఎందుకు.

ఫలితం ఇలా చదవండి. కప్లర్ తీస్తే పడింది, రెసిస్టర్ పెడితే లేచింది: మీటరు, అక్కడి దాకా వైరు, రెండూ బాగున్నాయి. మీటరు మార్చాలని ఎవరన్నా చెబితే నవ్వి ఊరుకోండి. కప్లర్ తీసినా ఎఫ్ దగ్గరే ఉంది: వైరు దారిలో ఎక్కడో బాడీకి తగులుతోంది, లేదా ముల్లే ఇరుక్కుంది. ఏం చేసినా ఇ దగ్గరే ఉంది: వైరు తెగింది లేదా మీటరు పోయింది. అప్పుడు మాత్రమే మీటరు బోర్డు వెనక కప్లర్ తీసి, అక్కడినుంచి ట్యాంకు కప్లర్ దాకా ఆ వైరు కొనసాగుతోందో లేదో మల్టీమీటర్ బీప్‌తో చూడాలి. వైరు బాగుంటే, ఇక అప్పుడు మీటరు.

5. ఎర్త్

రెసిస్టర్ ఇంకా చేతిలో ఉంది కదా, బాడీ బోల్టు మీద ఉన్న కొసను తీసి కప్లర్‌లోని ఎర్త్ పిన్నుకు పెట్టండి. బోల్టు మీద ముల్లు లేచి, ఎర్త్ పిన్ను మీద లేవకపోతే దొంగ దొరికాడు. ఆ ఎర్త్ వైరు బాడీకి ఎక్కడ బిగించారో వెతికి, బోల్టు విప్పి, రేకు మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించి పైన కాస్త గ్రీజు పూయండి.

ఓమ్‌లలోనూ చూడొచ్చు. తాళం ఆఫ్‌లో ఎర్త్ పిన్ను నుంచి బాడీకి 1 ఓమ్ లోపు ఉండాలి. మల్టీమీటర్ వైర్లు రెండూ ఒకదానికొకటి ముట్టిస్తేనే 0.3, 0.4 చూపిస్తుంది. ఆ లెక్క తీసేసి చదవండి. ఇది మరిచిపోయి మంచి ఎర్త్‌ను విప్పినవాళ్లున్నారు, వాళ్లలో నేనూ ఒకణ్ని.

6. తెరవకుండానే ట్యాంకు యూనిట్‌ను కొలవండి

కప్లర్ ఊడదీసి ఉంచే, ట్యాంకు వైపు ఉన్న రెండు సన్న పిన్నుల మధ్య ఓమ్‌లు చూడండి. కప్లర్ తగిలించి, తాళం ఆన్‌లో ఉండగా ఓమ్‌లు కొలవడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. వచ్చే అంకె అబద్ధం, మల్టీమీటర్ కూడా పోవచ్చు.

చాలా బండ్లలో నిండు ట్యాంకుకు 10 ఓమ్‌ల అటూ ఇటూ, ఖాళీకి 100 నుంచి 300 మధ్య వస్తుంది. మీ బండి అసలు అంకెలు సర్వీస్ మాన్యువల్‌లో ఉంటాయి. అంకె కంటే ప్రవర్తన ముఖ్యం. ఒక మనిషిని వెనక నిలబెట్టి బండిని పైకీ కిందికీ ఊపమనండి. పెట్రోలు కదిలితే అంకె కాస్త అటూ ఇటూ మెల్లగా ఊగాలి. అంకె రాకుండా దారి తెగినట్టు చూపిస్తే పట్టీ తెగింది లేదా వేలు తగలడం లేదు. ఎంత ఊపినా అంకె అస్సలు కదలకపోతే చేయి ఇరుక్కుంది. నా బండిది ఇదే. అంకె ఎప్పుడూ ఖాళీ దగ్గరే ఉండి, ట్యాంకులో పెట్రోలు ఉందని మీకు ఖాయంగా తెలిస్తే ఫ్లోటు మునిగింది.

ఈ మెట్టులో తప్పు పట్టుబడకపోతే ట్యాంకు తెరవొద్దు. వెనక్కి పోయి నాలుగూ అయిదూ మళ్లీ చేయండి.

7. ట్యాంకు తెరవడం

ఇక్కడ తొందర పనికిరాదు. అనంతపురం, కర్నూలు ఎండల్లో 40 డిగ్రీలు దాటాక ట్యాంకు మూత విప్పితే ఆవిరి బుస్సుమని లేస్తుంది. పొద్దున్నే, ఆరుబయట, నేల చదునుగా ఉన్న చోట చేయండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, కింద పరుచుకుని పక్కనున్న పొయ్యి దాకా పాకుతుంది. షట్టరు వేసిన గ్యారేజీ వద్దు. దగ్గర్లో కూలర్, గ్రైండర్, మోటారు ఆన్ చేసేవాళ్లు ఉండకూడదు. బీడీ, సిగరెట్ సంగతి వేరే చెప్పాలా. ఫోను ఇంట్లో పెట్టి రండి, నైలాన్ చొక్కాకు బదులు నూలు బట్టలు వేసుకోండి. ట్యాంకు తాకే ముందు ప్రతిసారీ బాడీ రేకును ఒట్టి చేత్తో ముట్టండి.

ట్యాంకులో పావు కంటే తక్కువ ఉంచి మొదలుపెట్టండి. ఎక్కువుంటే రెండు రోజులు తిరిగి ఖర్చు చేయండి. పైపు పెట్టి నోటితో పీల్చడం మాత్రం వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. తీయక తప్పకపోతే చేతి పంపు కొనండి.

ఇంజక్షన్ బండైతే పంపు నుంచి ఇంజన్‌కు పోయే పెట్రోలు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది. పంపు ఫ్యూజు పీకి, ఇంజన్ స్టార్ట్ చేసి, దానంతట అది ఆగేదాకా వదలండి. ఇంకోసారి కొద్ది సెకన్లు తిప్పి చూడండి. ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేయండి. కార్బొరేటర్ బండికి ఒత్తిడి గొడవ లేదు, బ్యాటరీ తీస్తే చాలు. డీజిల్ బండి అయినా ఇవే జాగ్రత్తలు, దాని గొట్టాలు ఊడదీస్తే తర్వాత గాలి తీయాల్సి ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి.

విప్పే ముందు యూనిట్ తల చుట్టూ ఉన్న ఎర్రమట్టిని బ్రష్షుతో, తడిగుడ్డతో పూర్తిగా తీసేయండి. మన రోడ్ల దుమ్ము అక్కడ వేలెడు మందం పేరుకుంటుంది. అది ట్యాంకులో పడితే పంపు జాలికి చుట్టుకుని, ముల్లు బాగైనా బండి నడవదు.

యూనిట్ తలను బిగించే రింగు, ట్యాంకు రెండింటి మీదా ఒకే గీత వచ్చేలా మార్కర్‌తో గుర్తు పెట్టండి, ఫోటో ముందే తీసి పెట్టుకోండి. స్క్రూలున్నవి ఎదురెదురుగా విప్పండి. తిప్పే రింగు బిగుసుకుపోతే ఇనుప స్క్రూడ్రైవరు పెట్టి సుత్తితో కొట్టకండి, నిప్పురవ్వ వస్తుంది. చెక్క ముక్కో ఇత్తడి కడ్డీయో పెట్టి మెల్లగా తట్టండి. గొట్టం ఊడదీసేటప్పుడు చుట్టూ గుడ్డ పట్టండి.

యూనిట్‌ను నిటారుగా లాగొద్దు. ఫ్లోటు చేయి కంతకు తగిలి వంగేది ఇక్కడే. కాస్త పక్కకు వంచి, ఫ్లోటును ముందుగా తప్పించి తీయండి. తీయగానే కంత మీద శుభ్రమైన గుడ్డ కప్పి, యూనిట్‌ను ట్యాంకుకు దూరంగా తీసుకెళ్లండి. మల్టీమీటర్ పరీక్ష తెరిచిన ట్యాంకు పక్కన వద్దు.

8. బయట పెట్టి చూడటం

పెట్రోలు ఆరనిచ్చి, రెండు పిన్నులకు మల్టీమీటర్ తగిలించి, ఫ్లోటు చేతిని అడుగు నుంచి పై దాకా చాలా నెమ్మదిగా జరపండి. అంకె ఒకే దిక్కుగా మారుతూ పోవాలి. మధ్యలో ఎక్కడైనా అంకె మాయమైతే ఆ చోట పట్టీ పోయింది. మీరు కాగితం మీద రాసుకున్న గుర్తుతో పోల్చండి: ముల్లు ఎక్కడ వణికిందో సరిగ్గా అక్కడే దొరుకుతుంది.

చేయి వదిలేస్తే దాని బరువుకు అదే కిందికి జారాలి. జారకపోతే ఇరుసు దగ్గర జిగట ఉంది. ఫ్లోటును చెవి దగ్గర పెట్టి ఆడించండి, లోపల గళగళమంటే పెట్రోలు దూరింది. ఇత్తడి ఫ్లోటుకు టంకం వేయిద్దామని కొందరు తీసుకెళ్తారు. లోపల ఆవిరి ఉన్న ఫ్లోటుకు వేడి తగిలిస్తే పేలుతుంది. కొత్త ఫ్లోటు వేయండి, దొరక్కపోతే యూనిట్ మార్చండి.

9. శుభ్రం చేయడం, వంచడం, మార్చడం

పట్టీ నల్లబడి ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి దూది పుల్లతో తుడవండి. మొండి నలుపుకు పెన్సిల్ రబ్బరు మెత్తగా రుద్దండి. ఎమరీ పేపరు తగలనివ్వొద్దు. పైన ఉన్న పల్చటి పూత పోతే రెండు వారాలు బాగుండి తర్వాత పూర్తిగా చస్తుంది. వేలు వదులుగా ఉంటే పట్టీ వైపు వెంట్రుకవాసి వంచండి, గట్టిగా నొక్కేలా వంచితే పట్టీని చెక్కేస్తుంది. పాత బండ్లలో పట్టీ బదులు సన్న తీగ చుట్టి ఉంటుంది, అది తెగితే అతకడం కుదరదు.

ముల్లు కదులుతుంది గానీ ఎప్పుడూ కొంచెం ఎక్కువో తక్కువో చూపిస్తుంటే ఫ్లోటు చేయి వంచి సరిచేయొచ్చు. ఇక్కడ అందరూ తిరగేసి చేస్తారు. ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంటే ఫ్లోటు కొంచెం పైకి వచ్చేలా చేయి వంచాలి. అప్పుడు అదే మట్టం దగ్గర వేలు కిందికి జరుగుతుంది. తక్కువ చూపిస్తుంటే ఫ్లోటును కిందికి. ఒకసారికి రెండు మూడు మిల్లీమీటర్లు మించొద్దు. కొత్త యూనిట్ వేస్తే చేయి అసలు వంచకండి.

కొత్తది కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి, రెండింటి ఓమ్‌లు అడుగునా పైనా కొట్లోనే కొలవండి. చూడటానికి ఒకేలా ఉండి ఓమ్‌లు వేరుగా ఉండేవి వస్తుంటాయి, బిగించాక సగం ట్యాంకుకే ఎఫ్ చూపిస్తాయి. ఇంజక్షన్ బండ్లలో పంపుతో కలిపే అమ్ముతామంటారు. చాలా వాటికి సెన్సార్ ముక్క విడిగా ఊడి వస్తుంది, అదొక్కటే అడగండి.

10. తిరిగి బిగించడం

కొత్త గ్యాస్కెట్ వేయండి. పాత రబ్బరు పెట్రోలులో ఉబ్బి, బయటికి తీశాక గాడిలో కూర్చోదు. ఇప్పుడు మనకు వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. పాత బండ్ల రబ్బర్లకు అది అంత పడదు, గ్యాస్కెట్ దగ్గర పొదుపు వద్దు. ఫ్లోటు ట్యాంకు గోడకు, లోపలి అడ్డు రేకుకు తగలకుండా గుర్తు ఎదురుగా పెట్టి దించండి. రింగు మీద పెట్టుకున్న గీత కలవాలి. గొట్టం క్లిప్పు టిక్కుమనేదాకా నొక్కి, వెనక్కి లాగి చూడండి.

పైమూత ఇప్పుడే వేయొద్దు. బ్యాటరీ, ఫ్యూజు పెట్టి, తాళం రెండు మూడుసార్లు ఆన్ ఆఫ్ చేసి ఒత్తిడి రానివ్వండి. యూనిట్ తల చుట్టూ పొడి కాగితం తిప్పండి, తడి తగిలితే మళ్లీ విప్పాలి. ఇంజన్ పది నిమిషాలు నడిపి ఇంకోసారి చూడండి. బండి తలుపులన్నీ తెరిచి వాసన పూర్తిగా పోయేదాకా వదిలేయండి.

11. నిజంగా బాగైందా?

ముల్లు లేచిందని సంబరపడి అక్కడితో ఆపేస్తారు, సగం మంది మళ్లీ రోడ్డు మీద ఆగేది అందుకే. ముల్లు లేవడం వేరు, సరిగ్గా చూపడం వేరు.

బంకుకు పోయి ఇంజన్ ఆపి 5 లీటర్లు పోయించండి. తాళం ఆన్ చేసి, ఒక నిమిషం ఆగి, ముల్లు ఎక్కడుందో మీటరు ఫోటో తీసుకోండి, ఫోను మాత్రం పంపుకు దూరంగా వచ్చాకే తీయండి. ఇలా 5 లీటర్ల చొప్పున, గన్ను దానంతట అది ఆగేదాకా. ఒకే రోజు అక్కర్లేదు, వారంలో ఎప్పుడు పోయించినా లెక్క రాసుకుంటే చాలు. ట్యాంకు ఆకారం వంకరటింకర కాబట్టి ప్రతి 5 లీటర్లకూ ముల్లు సమానంగా జరగదు. కానీ ఎక్కడా వెనక్కి రాకూడదు, ఎక్కడా దూకకూడదు.

తర్వాత దిగే దారి చూడాలి. ఫుల్ చేయించి ట్రిప్ మీటర్ సున్నా చేయండి. ముల్లు సగానికి, పావుకు, ఇ గీతకు వచ్చినప్పుడు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాయండి. హెచ్చరిక లైటు ఎక్కడ వెలిగిందో కూడా రాయండి. కొన్ని బండ్లలో ఆ లైటుకు వేరే సెన్సార్ ఉంటుంది, ముల్లు మోసం చేసినా అది నిజం చెబుతుంది. ఇ గీత దగ్గర మళ్లీ ఫుల్ చేయిస్తే ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి. 35 లీటర్ల ట్యాంకుకు ఇ దగ్గర 29, 30 పడితే బాగుంది. 22 మాత్రమే పడితే ముల్లు తక్కువ చూపిస్తోంది, తొమ్మిదో మెట్టులో చెప్పినట్టు ఫ్లోటు కిందికి. 34 పట్టిందంటే మీరు ఆవిరి మీద నడిపారు, ఫ్లోటు పైకి.

ఈ లెక్క పూర్తయ్యేదాకా గుత్తి, డోన్ దాటి దూరం పోయే పని ఉంటే ముల్లును కాదు, ట్రిప్ మీటర్‌ను చూసి పెట్రోలు పోయించుకోండి. నా బండి ముల్లు ఇప్పుడు బాగానే ఉంది. మా మామ మాత్రం వెనక సీట్లోంచి ఇప్పటికీ గుత్తి రాగానే, "ఒకతూరి బంకులో నిలుపప్పా" అంటాడు.